ఏజెన్సీ వదిలి వచ్చాక: మా కస్టమర్లకు ఉన్నదున్నట్టుగా

నమస్కారం.

మా దగ్గర లోగోలు, లేబుళ్లు, బోర్డులు చేయించుకున్నవాళ్లకూ, చేయించుకుందామనుకుంటూ ఆగినవాళ్లకూ ఈ ఉత్తరం. మా ధరలు మారుతున్నాయి, బిల్లు మారుతోంది, ఒప్పుకునే పనులు తగ్గుతున్నాయి. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే, కారణాలతో సహా ఒకేచోట రాయడం మర్యాద అనిపించింది.

మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. హైదరాబాద్‌లో స్థిరమైన ప్రకటనల ఏజెన్సీ ఉద్యోగం వదులుకుని, విజయవాడ వచ్చి సొంతంగా బ్రాండింగ్ పని ఎందుకు పెట్టుకున్నారు అని. ముందు దానికి జవాబు చెప్తాను, ఎందుకంటే మిగతా మార్పులన్నీ అందులోంచి వచ్చినవే.

ఏజెన్సీ నాకు చాలా నేర్పింది. గీత గీసే ముందు ప్రశ్నలు అడగడం, కలర్ ప్రూఫ్ (అచ్చులో రంగులు ఎలా వస్తాయో చూపే నమూనా) మీద క్లయింటు సంతకం పడకుండా ఫైలు ప్రెస్సుకు పంపకపోవడం అక్కడే అలవాటయ్యాయి. కానీ ఏజెన్సీ లెక్క వేరు. చాలాకాలం వాళ్ల ఆదాయమంటే పత్రికల్లో, టీవీలో క్లయింటు కొన్న ప్రకటన స్థలం మీద వచ్చే 15 శాతం కమిషన్. తర్వాత నెలనెలా ఇంత అని కట్టే రిటైనర్లు, ప్రాజెక్టు ఫీజులు వచ్చాయి. అయినా డబ్బంతా ప్రకటన వేసే చోటే ఉందనే ఆలోచన ఇంకా పోలేదు. వ్యాపారం పేరు, దాని అక్షరం, డబ్బా మీది లేబుల్ అన్నీ దాని వెనకాల నడిచే పనులు. టీవీలో ఒక్క సెకను కూడా కొనని పచ్చళ్ల వ్యాపారి ఆ లెక్కలో ఎక్కడా కనిపించరు.

కనిపించినా, ఆ వ్యాపారి మాట నా దాకా రావడానికి మధ్యలో చాలా మెట్లుంటాయి. క్లయింట్ సర్వీసింగ్ వాళ్లు విని, ఏం కావాలో చెప్పే బ్రీఫ్ రాస్తారు, దాన్ని ప్లానింగ్ వాళ్లు సరిచేస్తారు, క్రియేటివ్ హెడ్ చూస్తారు, చివరికి అది డిజైనర్ టేబుల్ మీదికి వస్తుంది. సరుకు వాసన చూడకుండా, కొట్టు గడప తొక్కకుండా దానికి ముఖం గీయాలి. పెద్ద కంపెనీలకు ఈ పద్ధతి అవసరమే, కాదనను. ఇంట్లో నలుగురు కలిసి నడుపుకునే వ్యాపారానికి మాత్రం ఇన్ని మెట్ల జీతాలూ మోయాల్సిన పని లేదు.

అన్నిటికంటే నన్ను కదిలించింది తెలుగు. ప్రకటన ముంబైలోనో ఢిల్లీలోనో తయారవుతుంది. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో అంతా ఖరారయ్యాక, గడువు దగ్గర పడిన సాయంత్రం ‘తెలుగు అడాప్ట్ కావాలి’ అని మెయిల్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి వదిలిన పెట్టెలో తెలుగును పట్టించాలి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తు ఉంటుంది. ఇంగ్లిష్ వరుసకు సరిపోయిన ఎత్తులో ‘స్వచ్ఛమైన’ అని రాస్తే ఒత్తు వెళ్లి కింది వరుసలోని గుడికి తగులుతుంది. తగలకుండా ఉండాలంటే అక్షరం సైజు తగ్గించాలి. తగ్గిస్తే పక్కనున్న ఇంగ్లిష్ ధీమాగా, తెలుగు బిడియంగా కనిపిస్తుంది. కొనేవాళ్లందరూ తెలుగువాళ్లే అయిన సరుకు మీద కూడా ఇదే జరిగేది. తెలుగు చివర్లో అతికించే భాష కాకుండా, మొదటి గీతే తెలుగుతో పడే పని చేయాలని బయటికి వచ్చాను. ఈ స్టూడియో అందుకోసం పెట్టిందే.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెప్తాను. గుంటూరు జిల్లాలో పచ్చళ్లు, కారప్పొడులు చేసే ఒక అక్క తన పాత లేబుల్ తీసుకొచ్చారు. ఊరి డీటీపీ షాపులో అను ఫాంట్లతో చేసిన ఫైలు అది. ఆ ఫాంట్లు యూనికోడ్ (కంప్యూటర్లూ, ఫోన్లూ అన్నీ ఒకేలా చదివే అక్షర సంకేతాలు) రాకముందు పద్ధతివి కాబట్టి, అందులో టైపు చేసిన తెలుగును అలాగే కాపీ చేసి ఫోన్లో పెడితే అర్థం లేని గుర్తులు వస్తాయి. కన్వర్టర్లో వేసినా ఒత్తులు కొన్ని తప్పుతాయి. అందుకే పదార్థాల పట్టికను మళ్లీ మొదటి నుంచీ యూనికోడ్‌లో మేమే టైపు చేశాం, ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో మాటా చదివి సరిచూశారు. ‘వెల్లుల్లి’ లాంటి మాట చిన్న సైజులో అచ్చయితే ఒత్తుల లోపలి ఖాళీ సిరాతో పూడుకుపోతుంది. అందుకని పదార్థాల పట్టికకు సన్నని, లోపల ఖాళీ ఎక్కువున్న అక్షరం ఎంచుకున్నాం. పేరుకు మాత్రం ఫాంటు వాడలేదు, చేత్తో గీశాను. ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మ గీతలుగా మార్చాం. అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోయినా, సాఫ్ట్‌వేర్ పాతదైనా ఒత్తులు విడిపోకుండా ఉండేది అందువల్లే.

అసలు కష్టం ఆవిడ రొయ్యల పచ్చడి దగ్గర వచ్చింది. మాంసాహారం గుర్తుగా గోధుమ రంగు చదరంలో చుక్క పెట్టిన లేబుళ్లు ఇంకా చాలా చోట్ల కనిపిస్తాయి. ఆహార భద్రతా సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం అక్కడ ఉండాల్సింది త్రిభుజం. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క అలాగే ఉంది. రంగులు తేడా తెలియనివాళ్లు కూడా ఆకారం చూసి గుర్తుపట్టగలగాలని ఈ మార్పు తెచ్చారు. నాకు ఇది చాలా మంచి డిజైన్ నిర్ణయం అనిపిస్తుంది. దాంతోపాటు 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు, నికర బరువు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలి. ఇవన్నీ పట్టాకే అందం గురించి మాట్లాడతాం. ధర, బ్యాచ్, తేదీ పడే చోటును ఎప్పుడూ ఖాళీగా వదలమంటాను, వాటిని తర్వాత ఇంక్‌జెట్‌తో వేసుకోవచ్చు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు, పౌచ్ మీదే ధర అచ్చు వేయించుకున్నవాళ్లలో కొందరు ఉన్న సరుకు మీద కొత్త ధర స్టిక్కర్లు అంటించుకున్నారు. పౌచ్‌లు అచ్చువేసే గ్రేవ్యూర్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కాలి. చిన్న అంకె మారినా మళ్లీ ఖర్చే.

ఇక పేర్ల సంగతి. కొందరు ఊరి పేరునే బ్రాండుగా పెట్టమంటారు. ఆ ఊరి మీద మీకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ ఊరి పేరును మాత్రమే ట్రేడ్‌మార్క్‌గా మీ ఒక్కరి పేరున రిజిస్టర్ చేయించుకోవడం చాలా కష్టం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, బందరు లడ్డుకు 2017లోనే వచ్చింది. ఆ పేర్లు ఆ ప్రాంతంలో వాటిని తయారు చేసే వాళ్లందరి ఉమ్మడి ఆస్తి. మీరు ఆ ప్రాంతం వాళ్లయితే అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకుని గర్వంగా వేసుకోండి. దాని పక్కన మీదంటూ మరో పేరు ఉండాలి. ఆ పేరు వెతకడమే నా పనిలో ఎక్కువ సమయం పట్టేది. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతికి చూడకుండా ఇకమీద ఏ పేరుకూ లోగో మొదలుపెట్టను. ట్రేడ్‌మార్క్ కోసం సరుకులను తరగతులుగా విడదీస్తారు, అందులో పచ్చళ్లు 29వ తరగతిలోకి, కారం, మసాలాలు, మిఠాయిలు 30వ తరగతిలోకి వస్తాయి. రెండూ అమ్మేవాళ్లు రెండు తరగతుల్లోనూ దరఖాస్తు చేసుకోవాలి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ రాకముందు కూడా పేరు పక్కన ‘టీఎం’ వేసుకోవచ్చు. వృత్తంలో ‘ఆర్’ గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే, అంతకుముందు వేస్తే చట్టరీత్యా నేరం. దరఖాస్తు పని వకీలు గానీ ట్రేడ్‌మార్క్ ఏజెంటు గానీ చేస్తారు, నేను చేయను.

మీరెవరూ అడగకపోయినా తప్పకుండా చెప్పాల్సింది మరొకటి ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగి గీసిన బొమ్మ హక్కు మామూలుగా యజమానిది. బయటి డిజైనర్ చేత డబ్బిచ్చి గీయించుకున్న లోగో సంగతి వేరు. రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే దాని హక్కు సాధారణంగా గీసినవాళ్లకే ఉంటుంది. బదిలీ రాసుకున్నా, అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. మీలో చాలామంది డల్లాస్‌కీ, న్యూజెర్సీకీ పార్సిళ్లు పంపుతున్నారు. అందుకే ఇకనుంచి ప్రతి పనికీ పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ హక్కులు మీకు రాసిచ్చే కాగితం మా బిల్లుతోపాటే వస్తుంది. పాత కస్టమర్లకూ రాసిస్తాను, దానికి రుసుము లేదు. ఓపెన్ ఫైళ్లు, అంటే తర్వాత మార్పులు చేసుకోగల అసలు డిజైన్ ఫైళ్లు కూడా మీవే. రేపు మీరు మరో డిజైనర్ దగ్గరికి వెళ్లినా మీ వ్యాపారం ఆగకూడదు. ఫాంట్ల హక్కు మాత్రం నేను ఇవ్వగలిగేది కాదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటివి వ్యాపారానికి కూడా ఉచితంగా దొరుకుతున్నాయి, వీలైనంతవరకు వాటినే వాడుతున్నాను. వాటిని తయారు చేసి అందరికీ ఇచ్చినవాళ్లకు మన చిన్న వ్యాపారాలన్నీ రుణపడి ఉన్నాయి.

డబ్బు విషయానికి వస్తాను. మా ఆదాయం సేవలకున్న 20 లక్షల పరిమితి దాటింది కాబట్టి జీఎస్టీ నంబరు తీసుకున్నాం. బిల్లు మీద 18 శాతం పన్ను పడుతుంది. మీరు మామూలు పద్ధతిలో జీఎస్టీ కడుతుంటే ఆ మొత్తాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుని, మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు, వాళ్లకు ఇది నిజంగా అదనపు భారం. అలాంటివాళ్లు ముందే చెప్తే పనిని దశలుగా విడదీస్తాను. ఈ ఏడాది పేరు, ఒక లేబుల్, వచ్చే ఏడాది మిగతావి అన్నట్టు. పేరు, లోగో, మొదటి లేబుల్ కలిపి కనీస ధర ఇప్పటిదాకా 45,000 రూపాయలు, ఇకనుంచి 60,000 రూపాయలు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే.

సగం ముందుగా, మిగతా సగం డిజైన్ ఖరారయ్యాక. ఏజెన్సీలో ఒకటో తారీఖున జీతం పడేది, ఎవరు ఎప్పుడు కట్టారో నాకు తెలియాల్సిన అవసరం ఉండేది కాదు. ఇక్కడ మీరు కట్టినప్పుడే మా జూనియర్ డిజైనర్‌కు జీతం ఇవ్వగలను, ఆ అమ్మాయి జీతం ఒక్కరోజు కూడా ఆలస్యం కావడం నాకు ఇష్టం లేదు. మేము ఉద్యమ్‌లో (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు పోర్టల్) నమోదైన చిన్న సంస్థ. చట్టం ప్రకారం మాకు చెల్లింపు గడువు, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులు మించకూడదు. కంపెనీల అకౌంట్స్ వాళ్లు దయచేసి గమనించాలి.

ఒకేసారి మూడు పనులకు మించి ఒప్పుకోను. నెలనెలా సోషల్ మీడియా పోస్టర్లు, పండగ శుభాకాంక్షల బొమ్మలు మానేస్తున్నాను. వాటివల్ల నెలకింత అని ఆదాయం వచ్చేది, మానేయడం తేలికైన నిర్ణయం కాదు. కానీ ఆ గడువుల టెన్షన్‌లో అక్షరాలు గీసే సమయం పోతోంది. ఆ పని బాగా చేసేవాళ్ల నంబర్లు అడిగితే ఇస్తాను. ముందు డిజైన్ చేసి చూపించండి, నచ్చితే డబ్బిస్తాం అనే పోటీలకు కూడా రాను. మీ సరుకు గురించి ఏమీ తెలుసుకోకుండా గీసింది మీకు పనికొస్తుందని నేను నమ్మను.

ఏఐతో చేయించుకున్న లోగోలు తెచ్చేవాళ్లు ఈమధ్య పెరిగారు. తీసుకురండి, సంకోచం వద్దు. మీకు ఏ రంగు, ఏ ఛాయ ఇష్టమో దానితో త్వరగా అర్థమవుతుంది. దాన్నే అచ్చు వేయించమంటే మాత్రం ఒప్పుకోలేను. వాటిలో తెలుగు ఒత్తులు తరచూ విరిగిపోయి ఉంటాయి, బొమ్మను పెద్ద బోర్డుకు సాగదీస్తే అంచులు చెదిరిపోతాయి.

కొత్త పని కోసం వచ్చేవాళ్లు పాత లేబుల్, ఫుడ్ లైసెన్స్ కాపీ, ప్రింటర్ ఇచ్చిన పౌచ్ కొలతల కాగితం, అమ్ముతున్న సరుకు ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. ఇంట్లో వ్యాపారం నిజంగా నడిపేది ఎవరో వాళ్లు కూడా రావాలి. చాలాసార్లు మాట్లాడేది అన్నయ్య, సరుకు చేసేది వదిన. ఆవిడతో మాట్లాడకుండా పేరు పెట్టలేను. ఉదయం పూట గీస్తూ ఉంటాను, ఫోన్లు మధ్యాహ్నం 3 తర్వాత చేయండి.