వరండాలో మట్టిగూళ్లు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"వరండాలో కందిరీగలు తిరుగుతున్నాయి, పిల్లల్ని కుడతాయేమో" అని కొందరు ఫోన్ చేశారు. మీ టెన్షన్ అర్థమైంది. బాదం చెట్టుకు వేలాడే తుట్టెను ఇప్పటికే తీయించేశాం. అవి గుంపుగా బతికే రకం, కదిలిస్తే మీద పడతాయి. ఆరో తరగతి గోడ మీద మట్టిగూడు కడుతున్నది మాత్రం ఒంటరిది. గూటికి కాపలా కూడా కాయదు. చేత్తో పట్టుకుంటేనో నలిపితేనో తప్ప దాదాపుగా కుట్టదు. అందుకే ఉండనిచ్చాం.

కాలువలకు నీళ్లొదిలాక మన కోనసీమలో తడిమట్టికి కొదవేముంది! చేతిపంపు దగ్గర చూడండి: సన్నటి నడుమున్న కందిరీగ బురదను ఉండ చేసి, కరచుకుని ఎగిరిపోతుంది. గోడకు మెత్తేటప్పుడు జుయ్యిమని సన్నగా మోత. గది తయారవగానే సాలెపురుగుల వేట. కుట్టి, కాళ్లూ చేతులూ ఆడకుండా చేసి, ఒక్కోదాన్నే తెచ్చి లోపల కుక్కుతుంది. చంపేస్తే కుళ్లిపోతాయి కదా, అందుకని ప్రాణంతోనే దాస్తుంది. వాటిలో ఒకదాని మీద గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. తను తాగేది పూలతేనె, ఈ మాంసమంతా పిల్లకే. కట్టడం, వేటాడడం అంతా ఆడదాని పనే (అమ్మలకు ఇది కొత్తగా అనిపించదు లెండి).

రాలిపడ్డ గూడొకటి పిల్లలు తెచ్చారు. విప్పితే ఒక గదిలో చిన్నచిన్న సాలెపురుగులు కాళ్లు ముడుచుకుని కిక్కిరిసి ఉన్నాయి. పుల్లతో తాకితే ఒకదాని కాలు కొద్దిగా కదిలింది. క్లాసంతా "అమ్మో!"

ఆటస్థలం చివరి ఇసుకలో ఇంకో రకం ఉంది. తనకంటే పెద్ద సాలెపురుగును వెనక్కి నడుస్తూ ఈడ్చుకెళ్లి బొరియలో పెడుతుంది. దాని పిల్లకు ఒక్క సాలెపురుగే సరిపోతుంది.

పురుగును గూట్లో పెట్టి రొద చేస్తే అదే తుమ్మెదగా మారుతుందని తాతయ్యలు, మామ్మలు చెప్పే భ్రమరకీటక న్యాయం మీకు తెలిసిందే. వేదాంతానికి అది చక్కటి ఉపమానం. గూట్లో జరిగేది వేరు: ఆ పురుగు తిండైపోతుంది, దాన్ని తిన్న పిల్లే రెక్కలతో బయటికొస్తుంది. మీ పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లతో వాదనకు దిగితే కోప్పడకండి.

స్విచ్‌బోర్డుల్లో, తాళంకన్నాల్లో కట్టినవి మాత్రం తీసేస్తున్నాం. మీ ఇంట్లో గుండ్రటి కన్నం పడ్డ పాతగూడు ఉంటే అగ్గిపెట్టెలో పెట్టి పంపండి. మూత చెదరనివి పీకకండి. ఏ పురుగు కుట్టినా ఒళ్లంతా దద్దుర్లొచ్చే పిల్లలుంటే క్లాస్ టీచర్‌కు ముందే చెప్పండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు