ఫొటో కింద రెండు ముక్కలు రాయండి

సంపాదకులకు నమస్కారం.

దేవరకొండలో ఫొటో స్టూడియో నడుపుతాను. పెళ్లిళ్లు లేని రోజుల్లో అదే కెమెరాను టెలిస్కోప్‌కు బిగించి ఆకాశాన్ని తీస్తుంటాను. మొన్న వేసవిలో మీ పిల్లల పేజీలో ఉంగరం నీహారిక ఫొటో వేశారు. నీహారిక అంటే ఆకాశంలో మెరిసే వాయువుల మబ్బు. అంతరిక్ష టెలిస్కోప్ తీసిన రంగుల ఫొటో, చాలా బాగుంది. అది చూసి ఏడో తరగతి చదివే మా అక్క బిడ్డ ‘నాకు చూపియ్యి మామా’ అని పట్టుబట్టింది.

అమావాస్య రోజుల్లో బత్తాయి తోటలో మంచాలేసుకొని పడుకున్నాం. రాత్రి ఒంటిగంట దాటాక లేపాను. అభిజిత్ నక్షత్రానికి దగ్గర్లోనే, రెండు చిన్న చుక్కల నడుమ ఉంటుందది. ఆరంగుళాల అద్దమున్న నా టెలిస్కోప్‌లో చూసి, ‘గింతేనా? పేపర్ల ఎర్రగ, నీలంగ ఉండె గదా’ అన్నది. గొంతులో ఏడుపు వినబడింది.

తనకు కనిపించింది అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసకలాంటి చిన్న సున్నా. రంగు లేదు. అంత తక్కువ వెలుతురులో మన కన్ను రంగును పట్టలేదు. సూటిగా కాక కాస్త పక్కకు చూస్తేనే ఆ సున్నా తేటపడుతుంది. కెమెరా అలా కాదు, వచ్చిన వెలుతురునంతా కూడబెడుతుంది. 30 సెకన్లు తెరిచి ఉంచి ఒక ఫొటో తీశాను. తెర మీద ఆవగింజంత చుక్క. జూమ్ చేస్తే లోపల పచ్చ కలిసిన నీలం, అంచున ఎరుపు. ఆ నీలిపచ్చ ఆక్సిజన్ వాయువుది. అలాంటివి 80 తీసి, మర్నాడు ఆల్బమ్‌లు చేసే కంప్యూటర్‌లో ఒకదానిపై ఒకటి కలిపితే ఉంగరం తేలింది. మళ్లీ రాత్రయ్యేదాకా ఆ పిల్ల ఆగలేకపోయింది.

ఇంకో మాట. ఈ ఉంగరంలాంటి వాటిని గ్రహ నీహారికలంటారు గానీ గ్రహాలతో సంబంధం లేదు. చిన్న టెలిస్కోప్‌లో గ్రహంలా గుండ్రంగా కనిపిస్తాయని 1780లలో విలియం హెర్షెల్ పెట్టిన పేరది. నిజానికి సూర్యుడిలాంటి నక్షత్రం చివరి రోజుల్లో వదిలేసిన పై పొరలు. మా తోటలో దిగిన ఆ వెలుతురు బయల్దేరి 2,000 ఏళ్లు దాటింది.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి ఫొటో వేసినప్పుడు ఏ టెలిస్కోప్‌తో, ఎంతసేపు తీశారో, కంటికి ఎలా కనిపిస్తుందో కింద రాయండి. దసరా పోయి మబ్బులు విడిపోయాక రాత్రి ఏడున్నరకే వాయవ్య దిక్కున అభిజిత్ కనిపిస్తుంది, పిల్లలను అర్ధరాత్రి లేపే పని లేదు. ఆ ఫొటోను అప్పుడు మరోసారి వేయండి.

– ఓ ఫొటోగ్రాఫర్, దేవరకొండ, నల్లగొండ జిల్లా