నాలుగు ఓట్లు తక్కువైన బిల్లు

సంపాదకులకు,

ఇటీవల తిరుపతిలోని ఒక కళాశాలలో జరిగిన విద్యార్థుల నమూనా పార్లమెంటును ప్రేక్షకుల వరుసలో కూర్చుని చూశాను. రాష్ట్రాలు చట్టాలు చేసే అంశాలుండే రాష్ట్ర జాబితాలో 17వ అంశంగా ఉన్న నీటిని, పార్లమెంటు చట్టాలు చేసే కేంద్ర జాబితాకు మార్చే రాజ్యాంగ సవరణ బిల్లుపై రెండు గంటలు చర్చించారు. పిల్లలు చక్కగా చదువుకుని వచ్చారు. కర్ణాటకలో పుట్టి మన కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే పాలారు మీద చెక్‌డ్యాం ఎత్తు పెంచినా పక్క రాష్ట్రం కోర్టుకెక్కుతోందనీ, అధికారం ఒక్కచోటే ఉంటే ఈ తగువులు తీరతాయనీ కుప్పం అమ్మాయి ఒకరు వాదించారు. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితాలోని 56వ అంశం కింద ఇప్పటికే కేంద్రం చేతిలో ఉందనీ, జలవివాదాల చట్టం 1956లోనే వచ్చినా తగువులు తెగలేదనీ ప్రతిపక్ష సభ్యుడొకరు గుర్తుచేసి, "మా ఊరి చెరువు తూము షట్టరు తుప్పు పడితే అర్జీ ఢిల్లీకి పెట్టుకోవాలా?" అని అడిగారు. సభ నవ్వింది కానీ జవాబు రాలేదు.

చిక్కంతా ఓటింగు దగ్గర వచ్చింది. మూజువాణి ఓటుతో నెగ్గిందనగానే ప్రతిపక్షం డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరింది. అనుకూలం 38, వ్యతిరేకం 24. స్పీకరు స్థానంలో ఉన్న విద్యార్థి బిల్లు ఆమోదం పొందిందని ప్రకటిస్తే, అధ్యాపకులతో సహా అందరూ చప్పట్లు కొట్టారు. 70 మంది సభలో సగానికి మించి ఓట్లు వచ్చిన మాట నిజమే అయినా, రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే 368వ అధికరణం ప్రకారం ఓటేసిన 62 మందిలో మూడింట రెండు వంతులు, అంటే 42 మంది ఒప్పుకోవాలి కనుక ఆ బిల్లు నిజానికి వీగిపోయింది. తిరుచానూరులో పుట్టి 1956 నుంచి 1962 వరకు లోక్‌సభ స్పీకరుగా ఉన్న మాడభూషి అనంతశయనం అయ్యంగారి ఊళ్లోనే ఈ లెక్క తప్పడం నాకు కొంచెం కష్టంగానే తోచింది.

లోక్‌సభ, రాజ్యసభ రెండింటిలో నెగ్గినా, రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని ఈ జాబితాలను మార్చే సవరణకు కనీసం సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. ఇప్పుడున్న 28లో 14 అన్నమాట. ఈ మెట్టు ఊసే సభలో రాలేదు. కేంద్రానికి అధికారం వెళ్లడమే తప్పని నేననను. అయితే 1976లో 42వ సవరణతో కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాకు మారిన విద్య, అడవులు మళ్లీ రాష్ట్ర జాబితాకు రాలేదు. అందుకే ఆ మెట్టు అంత గట్టిగా ఉండడం అవసరమనిపిస్తుంది.

వచ్చేసారి మధ్యాహ్నం పూట అదే విద్యార్థులను రాష్ట్రాలవారీగా కూర్చోబెట్టి శాసనసభలుగా ఓటు వేయించవలసిందిగా నిర్వాహకులను కోరుతున్నాను. పొద్దున బిల్లుకు అవునన్న ఆ కుప్పం అమ్మాయి, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యురాలిగా లేచి ఏమంటారో వినాలని ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి