పై చెరువు మట్టం కింది ఊరికి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి కాబట్టే ఆ లెక్క మనకు తెలిసింది. ఆ వానలకే మోరంచవాగు ఊరి మీద పడితే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం మిద్దెలెక్కారు, కొందరు కొట్టుకుపోయారు. వాన లెక్క ఉన్నట్టుగా వాగు లెక్క, చెరువు లెక్క ఊళ్లకు అందడం లేదు. చాలా చోట్ల ఇప్పటికీ కట్ట మీదికి పోయి చూసినవాళ్లు ఫోన్ చేస్తేనే కబురు. ముసురు పట్టిందంటే రాత్రంతా టెన్షనే.

మన దగ్గరివి కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులు. పైది మత్తడి దుంకితే ఆ నీళ్లు కిందిదానిలోకే వస్తాయి. పై చెరువు మట్టం ఎప్పటికప్పుడు తెలిస్తే కింది ఊరికి సర్దుకునే టైమ్ దొరుకుతుంది. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. తూము దగ్గర బిగించే అల్ట్రాసోనిక్ సెన్సార్ వందల రూపాయల్లో వస్తుంది. నీటిని తాకి వెనక్కి వచ్చే ధ్వనిని బట్టి మట్టం చెబుతుంది. దానికి లోరా రేడియో జోడిస్తే సిమ్ లేకుండానే కొన్ని కిలోమీటర్ల దూరం సమాచారం పోతుంది, 865 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు లైసెన్స్ కూడా అవసరం లేదు. పావుగంటకోసారి లేచి, కొలిచి, పంపి మళ్లీ నిద్రపోయే పరికరానికి చిన్న బ్యాటరీ, అరచేయంత సోలార్ పలక చాలు. వాన దంచికొట్టే రాత్రి ముందుగా పోయేది కరెంటే కదా, అందుకే తక్కువ విద్యుత్తుతో నడవడం ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం.

అయితే ల్యాబ్‌లో పనిచేసింది కట్ట మీద పనిచేస్తుందని అనుకోకూడదు. గుర్రపుడెక్క పేరుకున్న చోట సెన్సార్ ఆకులనే నీళ్లనుకుంటుంది, కాబట్టి పీవీసీ పైపు దించి అందులో కొలవాలి. కందిరీగలు సెన్సార్ మూతిలోనే గూడు పెడతాయి. 25 డిగ్రీలకు సరిచేసిన సెన్సార్ 45 డిగ్రీల ఎండలో మూడు మీటర్ల దూరాన్ని దాదాపు పది సెంటీమీటర్లు తప్పు చూపుతుంది, పక్కనే ఉష్ణోగ్రత కొలిస్తేనే ఆ తేడా సరవుతుంది. నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు మత్స్యకారులకు ఎంతో అవసరమే కానీ, వాటి ధర ఇంకా ఎక్కువ. ముందు మట్టంతో మొదలుపెడదాం.

వరంగల్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఇలాంటి ప్రాజెక్టులు చేస్తారు, వైవా కాగానే అవి అటకెక్కుతాయి. నీటిపారుదల శాఖ ఒక్క గొలుసులోని చెరువులను ఆ పిల్లలకు అప్పగించి, తూము తీసి నీళ్లు వదిలే నీరటికాళ్లకు పరికరం శుభ్రం చేయడం నేర్పి, అందుకు నెలనెలా కొంత ఇవ్వాలి. వచ్చే వానాకాలానికల్లా ఆ లెక్కలు పంచాయతీ కార్యదర్శి ఫోన్‌తో పాటు అందరికీ కనిపించేలా చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ