సర్పంచ్ అభ్యర్థి అఫిడవిట్‌ను ఊళ్లోనే చదివి వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

పంచాయతీ ఎన్నికల్లో అభ్యర్థి ఎవరో ఓటరుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఏ ఇంటివాడో, ఎవరికి మేనల్లుడో, ఎవరి చావుకు వచ్చి నిలబడ్డాడో ఊరంతటికీ తెలుసు. అయితే ఊరి సొమ్మును అప్పగించడానికి ఆ పరిచయం ఒక్కటే చాలదని, 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతలుగా జరిగిన పోలింగ్‌ను గమనించిన ఓటరుగా నా అభిప్రాయం.

అభ్యర్థుల నేర చరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు తెలుసుకునే హక్కు ఓటర్లకు ఉందని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చి చెప్పింది. సర్పంచ్ అభ్యర్థి కూడా నామినేషన్‌తో పాటు ఆ వివరాలను అఫిడవిట్ (ప్రమాణపత్రం) రూపంలో ప్రకటించాలి. కానీ ఆ కాగితం నామినేషన్లు తీసుకునే కేంద్రంలో నోటీసు బోర్డుకే పరిమితమవుతోంది. కొన్ని ఊళ్లకు కలిపి ఒకటిగా ఉండే ఆ కేంద్రానికి, కూలి మానుకుని వెళ్లి చదివి రమ్మని ఎవరిని అడగగలం? ఉపసంహరణల గడువు ముగిశాక మిగిలే వారం రోజులూ గుర్తుల ప్రచారంలో, చాలాచోట్ల మందు, డబ్బు పంపకాల్లో గడిచిపోతున్నాయి.

పార్టీ గుర్తులు లేని ఎన్నిక కనుక, అభ్యర్థిని నిలదీయడానికి మేనిఫెస్టో కూడా ఉండదు. మిగిలేది అతని గతమే. మళ్లీ పోటీచేసే మాజీ సర్పంచ్ హయాంలో కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం నిధులు ఎంత వచ్చాయో, దేనికి ఖర్చయ్యాయో పంచాయతీల లెక్కలుండే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో చూడవచ్చు. వార్డు సభ్యుల్లోంచే ఎన్నికయ్యే ఉపసర్పంచ్‌కూ చెక్కు మీద సంతకం చేసే అధికారం ఉన్నందున, వార్డు సభ్యులుగా నిలబడేవారి సంగతీ తెలియాల్సిందే. పాత పాలకవర్గాల గడువు 2024 జనవరితో ముగిసి, దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడవడంతో ఆ లెక్కలు అడిగేవారే లేకపోయారు. ఇక పదవిని వేలం పాడి ఏకగ్రీవం చేసుకునే ఊళ్లలో ఓటరుకు తెలుసుకునే అవకాశమే కాదు, ఓటు కూడా మిగలదు. గుడికి విరాళం వచ్చిందన్న పేరుతో దీన్ని సమర్థించడం నాకు బాధ కలిగిస్తుంది.

రాష్ట్ర ఎన్నికల సంఘానికి నా విన్నపం ఒక్కటే. ప్రతి అభ్యర్థి అఫిడవిట్ సారాంశాన్ని ఒక పేజీలో తేలిక తెలుగులో రాసి పంచాయతీ కార్యాలయం గోడకు అంటించాలి. పోలింగ్‌కు ముందు ఒక సాయంత్రం దండోరా వేయించి, ఏ పక్షానికీ చెందని అధికారితో దాన్ని బిగ్గరగా చదివించాలి. చదువురాని ఓటర్లకు ఆ వివరాలు చేరే దారి మరొకటి లేదు.

ఇట్లు,
ఒక గ్రామీణ ఓటరు, నల్గొండ జిల్లా