దరఖాస్తులో రంగు పెన్సిలుకూ ఒక గడి కావాలి

సంపాదకుల వారికి నమస్కారములు.

గత నెలలో పొరుగు పట్టణంలో జరిగిన ఒక చిత్రకళా ప్రదర్శనకు నేను వేసిన బంగినపల్లి మామిడిపండ్ల చిత్రాన్ని తీసుకువెళ్లినప్పుడు, బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు ఎంతో మర్యాదగానే "మీ మనవడు వేశాడా అండీ?" అని అడిగాడు. నేనే వేశానని, అవి రంగు పెన్సిళ్లని చెప్పిన తరువాత దరఖాస్తు కాగితం నా ముందుంచాడు. అందులో తైలవర్ణాలు, నీటిరంగులు, ఆక్రిలిక్, మిశ్రమ మాధ్యమం అని నాలుగు గడులున్నాయి గాని రంగు పెన్సిలుకు గడి లేదు. వర్ధమాన చిత్రకారుల విభాగానికైతే వయసు 35 దాటకూడదట. తపాలా శాఖలో ఉద్యోగం చేసి, 60వ ఏట విరమణ పొందిన తరువాత పెన్సిలు పట్టిన నాకు ఇప్పుడు 67. ఏడేళ్ల సాధన మాత్రమే ఉన్న నేను వర్ధమాన చిత్రకారిణిని కాకపోతే ఇంకేమవుతానో బోధపడక, చిత్రాన్ని సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ ఒక్క నిర్వాహకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇటువంటి దరఖాస్తులు తయారుచేసే వారందరి కోసం ఈ లేఖ రాస్తున్నాను.

రంగు పెన్సిలును బళ్లో పిల్లలు నొక్కి రుద్దే వస్తువుగానే మనం ఎరుగుదుము. పిల్లల పెన్సిలుకూ చిత్రకారుల పెన్సిలుకూ తేడా లోపలి ములుకులో ఉంటుంది. రంగుపొడిని మైనంతో గాని నూనెతో గాని కలిపి చేసే ఆ ములుకులో రంగుపొడి పాలు ఎంత, అది వెలుతురుకు ఎంతకాలం నిలుస్తుంది అన్నవాటిని బట్టి దాని విలువ ఉంటుంది. జర్మనీకి చెందిన ఫేబర్-కాస్టెల్ సంస్థ చిత్రకారుల కోసం పాలిక్రోమోస్ పెన్సిళ్లను 1908లోనే తెచ్చింది. అమెరికాలో 1990లోను, బ్రిటన్‌లో 2001లోను ఈ మాధ్యమంలో పనిచేసేవారు తమకంటూ సంఘాలు ఏర్పరచుకున్నారు. మన దగ్గర మాత్రం అదింకా ఏడో తరగతి దాటలేదు.

పని ఎలా సాగుతుందో తెలియనివారి కోసం నా మామిడిపండు సంగతే చెబుతాను. చేతి బరువు కాగితంమీద పడనీయకుండా ముందు లేత నిమ్మపసుపు పొర, దానిపై ఎల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగు, తొడిమ దగ్గర ఆకుపచ్చ, నీడ పడే వైపు పసుపును అణచడానికి పలుచని ఊదా, ఇలా పది పన్నెండు పొరలు వేస్తేగాని పండు గుండ్రంగా కనిపించదు. కాగితం గరుకు నిండిపోయిందంటే ఆపైన మరొక పొరను అది తీసుకోదు. తప్పు జరిగితే రబ్బరుతో పూర్తిగా పోదు కూడా. మల్లెపువ్వు ఇంకా కష్టం. తెలుపును పెన్సిలుతో వేయలేము, కాగితాన్నే తెలుపుగా వదిలి, రేకుల నీడలను బూడిద, నీలం రంగులతో చుట్టూ అల్లుకురావాలి. ఏ4 కాగితమంత మామిడిపండ్ల చిత్రానికి నాకు 45 గంటలు పట్టింది. నాలుగో రోజుకల్లా పండ్లను ఇంట్లోవాళ్లు తినేశారు కనుక మిగిలినదంతా ఫొటో చూసి వేశాను.

మలివయసులో మొదలుపెట్టేవారికి ఇంత అనువైన మాధ్యమం మరొకటి ఉందనుకోను. టర్పెంటైన్ వాసన ఉండదు, ఆరబెట్టే పని ఉండదు, కుక్కరు కూత వేస్తే లేచి వెళ్లి, వచ్చి అదే గీత దగ్గర మళ్లీ అందుకోవచ్చు. కళ్ల విషయం మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు. కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయిన వారానికి, అంతకుముందు వేసిన ఆకాశాన్ని చూస్తే ఆ కంటికి గాఢమైన నీలంగాను, ఎడమ కంటికి మాసిన పసుపు కలిసినట్టుగాను కనిపించింది. వయసుతో పాటు కంటి కటకం పసుపు తిరుగుతుందని, నీలపు వెలుతురును అడ్డుకుంటుందని డాక్టరుగారు వివరించారు. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 82వ ఏట, 1923లో ఇదే ఆపరేషన్ చేయించుకుని రంగుల విషయంలో ఇటువంటి చిక్కే పడ్డాడు.

రంగు పెన్సిలు చిత్రాలు వెలిసిపోతాయన్న అభ్యంతరంలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. నా దగ్గరున్న 48 పెన్సిళ్లతో ఒక్కో రంగూ పట్టీలుగా గీసి, సగభాగం అట్టతో మూసి, దక్షిణం కిటికీకి వేసవి నాలుగు నెలలూ అంటించి చూశాను. చవకరకం గులాబీ, ఊదా రంగులు దాదాపు మాయమయ్యాయి. మట్టిరంగులు చెక్కుచెదరలేదు. అయితే ఈ పరీక్షకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వారి డి 6901 అనే ప్రమాణమే ఉంది, మంచి పెన్సిళ్లమీద నిలకడను తెలిపే నక్షత్రపు గుర్తులూ ఉంటాయి. మాధ్యమాన్నే వెలివేసే బదులు, ఏ పెన్సిళ్లు వాడారో రాయమని దరఖాస్తులో అడిగితే సరిపోతుంది.

వయసు నిబంధన గురించి. మా రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్లినప్పుడల్లా, 1925లో 28 ఏళ్లైనా నిండకుండానే కన్నుమూసిన మనిషి ఇంత పని ఎప్పుడు చేశాడా అని ఆశ్చర్యపోతాను. రవీంద్రనాథ్ ఠాగూర్ గారేమో రాతప్రతుల్లో కొట్టివేతలను బొమ్మలుగా మలుస్తూ చిత్రకళలోకి వచ్చి, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టేనాటికి 69వ ఏటికి చేరుకున్నారు. వర్ధమానత్వాన్ని పుట్టిన తేదీతో కాక, సాధన మొదలుపెట్టిన సంవత్సరంతో లెక్కించమని నా మనవి.

దుకాణదారులకూ ఒక మాట: అరిగిపోయిన ఒక్క ఎల్లో ఓకర్ కోసం 48 పెన్సిళ్ల పెట్టె మొత్తం కొనవలసివస్తోంది, దయచేసి విడిగా అమ్మండి. నిర్వాహకులలో ఎవరైనా చూడదలిస్తే, నా కిటికీ పట్టీలను సంతోషంగా పంపగలను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగిని,
రాజమహేంద్రవరం.