అంతస్తులు లెక్కపెట్టే ముందు బస్సు సంగతి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మేం నల్లగండ్లలో ఉంటున్నాం. మా ఇంట్లో పనిచేసే ఆమె బోరబండ నుంచి ఎంఎంటీఎస్‌లో వచ్చి లింగంపల్లిలో దిగుతుంది. అక్కడి నుంచి మా అపార్ట్‌మెంట్ పెద్ద దూరమేమీ కాదు. కానీ ఆమెకు రైల్లో పట్టే టైమ్ కంటే ఈ కాస్త దూరానికే ఎక్కువ పడుతుంది. షేర్ ఆటో దొరికితే ఇరుక్కుని కూర్చోవాలి, లేదంటే నడక. ఆ నడక ఎలా ఉంటుందో ఒకరోజు నేనూ ఆమెతో నడిచి చూశాను. కొంత దూరం ఫుట్‌పాత్ ఉంది, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. తర్వాత కంకర కుప్ప. ఆ తర్వాత ఫుట్‌పాతే లేదు. వెనక నుంచి రెడీమిక్స్ లారీ హారన్ కొడితే ఇద్దరం కాలువ మీది పలక ఎక్కి నిలబడ్డాం. రోడ్డు దాటడానికి డివైడర్‌లో ఎక్కడా దారి లేదు. ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని డివైడర్ ఎక్కి, అవతలికి దిగి, నాకు చెయ్యి అందించింది. "రోజూ ఇంతేనమ్మా" అంది.

ఆ రోజు నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను.

మా అపార్ట్‌మెంట్‌లో చాలా ఇళ్లకు రెండేసి కార్లున్నాయి. మోజుతో కొన్నవి కావు. మందుల షాపుకు వెళ్లాలన్నా, పిల్లల్ని ట్యూషన్‌లో దింపాలన్నా వేరే దారి లేక కొన్నవి. కారు నడపలేని నాలాంటి పెద్దవాళ్లు ఎవరో ఒకరి తీరిక కోసం ఎదురుచూడాల్సిందే.

స్థలాన్ని బట్టి ఇంతకు మించి కట్టకూడదనే ఎఫ్ఎస్ఐ పరిమితి చాలా నగరాల్లో ఉంది. హైదరాబాద్‌లో లేదు. 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ సరిపోతే ఎత్తుకు అనుమతి వస్తుంది. అందులోకి రాబోయే వేల మంది పొద్దున్నే ఏ బస్సెక్కి పనికి వెళ్తారన్నది ఆ లెక్కలోకి రాదు. 2023 ఆగస్టులో కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్ స్థలాల వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాళ్లు ఆకాశంలోకి కట్టకుండా ఉంటారా? కట్టడాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఊరు పెరుగుతుంది, పెరగాలి కూడా. నా బాధల్లా ముందు బస్సు, నడిచే దారి, ఆ తర్వాత అంతస్తులు రావాల్సిన వరస తలకిందులైనందుకే.

మెట్రో వస్తుందిగా అంటారు. రాయదుర్గం నుంచి నియోపోలిస్ దాకా లైనుకు 2024లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. సంతోషమే. అయితే మొదటి దశకు 2010లో ఒప్పందం జరిగితే రైలు రాయదుర్గం చేరింది 2019 నవంబరులో. అన్నేళ్లు మేం ఏం చేయాలి? ఫ్లైఓవర్ల సంగతీ చూశాం. శిల్పా లేఅవుట్, కొత్తగూడ, కొండాపూర్, ఒకదాని తర్వాత ఒకటి కట్టారు. ఎక్కినంతసేపు హాయిగానే ఉంటుంది, దిగిన చోట మళ్లీ జామ్. పెద్ద వాన పడితే ఐటీ ఉద్యోగులు అందరూ ఒకేసారి బయటికి రావద్దని పోలీసులే చెప్పాల్సి వస్తోంది.

మాకు ఇప్పుడు కావాల్సింది బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితం. ఎంత మంచి పథకమో! మా ఇంట్లో పనిచేసే ఆమెకు మాత్రం స్టేషన్ బయట ఆటోకు రోజూ డబ్బులు పోతున్నాయి. సమయానికి బస్సు లేని చోట ఉచితం ఎవరికి అందుతుంది? లింగంపల్లి స్టేషన్ నుంచి నల్లగండ్ల, గోపన్‌పల్లి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పది నిమిషాలకో చిన్న బస్సు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు నడపండి. అప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో రెండో కారు అమ్మేసేవాళ్లు తప్పకుండా ఉంటారు.

డబ్బు ఎక్కడిదంటారేమో. ఎత్తయిన భవనాల అనుమతి సమయంలో ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తున్నారు కదా. సౌకర్యాల కోసమని తీసుకున్న డబ్బే అది. ఏ ప్రాంతంలో ఎంత వచ్చింది, అక్కడ దేనికి ఖర్చయింది అన్నది వార్డు ఆఫీసు గోడ మీద రాసి పెట్టండి. అందులోంచి ముందు ఫుట్‌పాత్, బస్టాపు, రోడ్డు దాటే దారి వేయండి. ఇకపై పెద్ద ప్రాజెక్టులకు అనుమతిచ్చేటప్పుడు గేటు నుంచి బస్టాపు దాకా నడిచే దారి చూపించమని అడగండి.

మా పక్క స్థలంలో ఇప్పుడు కొత్త టవర్లకు పునాదులు తవ్వుతున్నారు. అవి పూర్తయి జనం దిగేలోగా, అధికారులు ఒక్కసారి లింగంపల్లి స్టేషన్ దగ్గర కారు దిగి మా ఇంటి దాకా నడిచి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, నల్లగండ్ల